ఎడమ చెవి ఇంగ్లాండుకి

మా లీగ్‌లో అంపైర్లు బ్యాటింగ్ చేసే జట్టులోంచే వస్తారు. తెలియనివాళ్లకు ఈ మాట చెబితే నమ్మరు. ఔటైనవాడు ప్యాడ్లు విప్పేసి, ముఖం ఇంకా మాడ్చుకునే వచ్చి వికెట్ల వెనక నిలబడతాడు. ఆ క్షణం నుంచి తన తోటివాడు ఔటో కాదో తేల్చే అధికారం అతనిదే. దొంగ చేతికి తాళాలివ్వడమంటే ఇదే. బంతి వికెట్ల ముందు ప్యాడ్‌కి టప్పున తగులుతుంది, పదకొండు మంది గొంతులు చించుకుంటారు, అంపైర్‌గారు మాత్రం హైవే మీద పోయే ట్రక్కుల్ని చూస్తూ "లెగ్ సైడ్ పోతోంది బాస్" అంటారు. టెక్సాస్‌లో నేను చూసినన్నేళ్లలో ఎల్‌బీడబ్ల్యూ అనేది నిబంధనల పుస్తకంలో తప్ప మైదానంలో కనపడలేదు.

మా జట్టులో నేను ఆటగాణ్ణి కాను. అభిమానిని. జట్టు మొత్తానికి ఒక్కగానొక్క అభిమానిని. ఇర్వింగ్‌లో మా అపార్ట్‌మెంట్ల వాళ్లంతా కలిసి పెట్టుకున్న జట్టు అది. ఆటగాళ్ల భార్యలు ఏసీ వేసుకుని కార్లలోనే కూర్చునేవారు. పిల్లలు ఒక ఓవర్ చూసి "ఈజ్ ఇట్ డన్?" అని అడిగేవారు. నేనొక్కణ్ణే మడత కుర్చీ, ఫ్లాస్కు, స్కోరు పుస్తకం పట్టుకుని బౌండరీ పక్కన కూర్చునేవాణ్ణి. ఎర్ర చీమలు కుడతాయి కాబట్టి సాక్సులు ప్యాంటు మీదకి లాక్కుని మరీ కూర్చునేవాణ్ణి.

ఈ పిచ్చి నాకు ఇంగ్లాండులో పట్టింది. టెక్సాస్ రాకముందు రెండేళ్లు అక్కడో చిన్న ఊళ్లో ప్రాజెక్టు మీద ఉన్నాను. శనివారాలు గదిలో గోడలు చూడలేక పక్కనే ఉన్న కౌంటీ, అంటే అక్కడి జిల్లా జట్టు, మైదానానికి వెళ్లాను. నాలుగు రోజుల మ్యాచ్‌లు. స్టాండ్‌లో నలభై మంది ఉంటే గొప్ప. అందరూ రిటైరైన ముసలివాళ్లు, ఒళ్లో దుప్పట్లు, చేతిలో ఫ్లాస్కులు. సొంత జట్టు ఆటగాడు ఫోర్ కొడితే రెండు వేళ్లతో చప్పట్లు కొట్టి, ఔటైతే "అనుకున్నాను" అనేవాళ్లు. వాళ్లంత తృప్తిగా నిరాశపడే మనుషుల్ని నేను ఎక్కడా చూడలేదు.

వాళ్లలో ఒక పెద్దాయన నాకు స్కోరు రాయడం నేర్పాడు. పరుగు రాని ఓవర్‌కి ఆరు చుక్కలు పెట్టి వాటిని గీతతో కలపడం, ఏ బంతి ఎవరికి ఎటు పోయిందో గుర్తులు పెట్టడం, అన్నీ ఆయనే. కుర్రతనంలో క్లబ్ మ్యాచ్‌లకి అంపైరింగ్ చేసేవాడట. ఒకరోజు వాన పడి ఆట ఆగిపోయినప్పుడు చెప్పాడు, అంపైర్‌కి కళ్ల కంటే చెవులు ముఖ్యమని. బ్యాట్ అంచుకి బంతి రాసుకుంటే కంటికి కనపడదు, చెవికి వినపడుతుంది, కాబట్టి ఆ అర క్షణం నీ రెండు చెవులూ బ్యాట్స్‌మన్‌వే అన్నాడు. నేనది వేదవాక్కులా మూటగట్టుకుని టెక్సాస్ వచ్చాను.

టెక్సాస్ వచ్చాక కూడా ఆ కౌంటీ నన్ను వదల్లేదు. మొదటి డివిజన్‌లో అట్టడుగున వేలాడటం తప్ప ఇంకేమీ సాధించని జట్టు అది. ఇంటర్నెట్‌లో వాళ్ల ఊరి రేడియో వ్యాఖ్యానం వచ్చేది. అక్కడ పదకొండింటికి ఆట మొదలైతే ఇక్కడ తెల్లవారుజామున ఐదు. పళ్లు తోముకుంటూ టాస్ వినేవాణ్ణి, లాస్ కొలీనాస్‌లోని ఆఫీసులో మీటింగుల మధ్య వికెట్లు పడేవి, మధ్యాహ్నం భోజనం వేళకి ఆ రోజు ఆట ముగిసేది. డల్లాస్‌లో వేసవి మండిపోతుంటే నా చెవిలో వాన కురిసి కవర్లు కప్పుతున్నారని చెప్పేవాళ్లు.

మా ఆవిడకి దీని మీద ఒకే ఒక్క అభిప్రాయం ఉండేది. "నాలుగు రోజులు ఆడి ఎవరూ గెలవకపోతే మీకు సంతోషమా? ఆ మాత్రం దానికి నిద్ర మానుకుని లేవాలా?" అనేది. డ్రా చేసుకోవడం కూడా ఒక విద్యేనని చెప్పబోతే కుక్కర్ విజిల్ వచ్చిందని వెళ్లిపోయేది. కుక్కర్ స్టవ్ మీద లేనప్పుడు కూడా.

ఇంతటి ఆట చూసి వచ్చినవాడికి మా లీగ్ ఎలా ఉంటుందో ఊహించండి. నెట్స్‌కి రమ్మంటే ఒక్కడూ రాడు గాని, యూనిఫాం రంగు మీద నలభై ఈమెయిళ్లు నడిచేవి, ప్రతిదీ అందరికీ కాపీ. వీపు మీద పేరు, నెంబరు, కింద ఏదో కిరాణా కొట్టు బొమ్మ. పదకొండు పరుగులు చేసినవాడు హెల్మెట్ తీసి, బ్యాట్ పైకెత్తి, కార్లో నిద్రపోతున్న భార్య వైపు చూపించేవాడు. క్యాచ్ వదిలేస్తే సూర్యుడు, బౌల్డయితే మ్యాటు. సిమెంటు పిచ్ మీద పరిచి మేకులు కొట్టే ఆ కొబ్బరి పీచు చాప ఎన్ని పాపాలు మోసిందో లెక్కలేదు. ఆడలేక మద్దెల ఓడని ఊరికే అన్నారా!

మా కెప్టెన్‌ది గుంటూరు వైపు. నాకంటే ఎనిమిదేళ్లు చిన్న. ప్రాజెక్ట్ మేనేజర్ కాబట్టి జట్టుని కూడా ప్రాజెక్టులాగే నడిపేవాడు. మ్యాచ్ ఓడిన మర్నాడు "లెసన్స్ లెర్న్‌డ్" అని ఒక ప్రెజెంటేషన్ పంపేవాడు. అందులో తను ఆడిన చెత్త షాట్ ఎప్పుడూ ఉండేది కాదు. నన్ను వెటకారంగా "గురువుగారూ" అని పిలిచేవాడు. నేనూ అతన్ని మనసులో చాలా రకాలుగా పిలిచేవాణ్ణి.

ఒక ఎండాకాలం అంపైర్‌గా నిలబడేవాడు లేక నన్ను నిలబెట్టారు. అందరూ ఎండకి చెట్ల కింద చేరిపోయారు, ఇంకెవరూ దొరకలేదు, అంతే. మూడో ఓవర్‌లో బంతి మా కెప్టెన్ ప్యాడ్‌కి, సరిగ్గా మధ్య వికెట్ ముందు తగిలింది. అవతలివాళ్లు అలవాటు కొద్దీ సగం గొంతుతో అరిచి, ఎలాగూ ఇవ్వరని వెనక్కి తిరిగిపోతున్నారు. నేను వేలెత్తాను. మైదానం మొత్తం ఒక్కసారి ఆగిపోయింది. బౌలర్ కూడా నమ్మలేక "నిజంగానా అంకుల్?" అన్నాడు. కెప్టెన్ నా పక్కనుంచి పోతూ "గురువుగారూ, మీరు ఏ టీమో ఒకసారి చెక్ చేసుకోండి" అన్నాడు. మూడు వారాలు నాతో మాట్లాడలేదు. అవి నాకు ఎంతో ప్రశాంతమైన వారాలు.

ఆ రోజుతో లీగ్‌లో నాకు పేరొచ్చేసింది. అవతలి జట్లవాళ్లే ఫోన్ చేసి, మీరొస్తే మీరే నిలబడండి అనేవారు. కాదంటే అబద్ధమవుతుంది, నాకు లోపల గర్వంగా ఉండేది. ఇంతమంది దొంగల మధ్య ఒక్క వేలు మాత్రం నమ్మదగ్గది, అది నాది అనుకునేవాణ్ణి. ఈ దేశంలో నాకంటూ ఉన్న పరువు అదొక్కటే. ఆఫీసులో నేను లేకపోయినా పని ఆగదు, ఇంట్లో నా మాట కుక్కర్‌కి కూడా లోకువే.

నన్ను అలా పిలిచినవాళ్లలో మొదటివాడు ఫ్రిస్కో జట్టు బౌలర్. ఫ్రిస్కో వాళ్లంటే సొంత ఇళ్లు, మంచి స్కూళ్లు, మైదానానికి పెద్ద పెద్ద కూలర్లు. వాళ్లంటే మావాళ్లకి కడుపుమంట. ఈ బౌలర్ మాత్రం వేరు. కరీంనగర్ వైపు మనిషి, సన్నగా పొడుగ్గా ఉంటాడు, మాట తక్కువ. ఒకసారి బ్యాటింగ్ చేస్తూ, అంపైర్‌గా ఉన్న తన జట్టువాడే నాటౌట్ అంటున్నా వినకుండా, "తగిలింది భాయ్" అని నడుచుకుంటూ వెళ్లిపోయాడు. మా లీగ్ చరిత్రలో అలా నడిచి వెళ్లినవాడు అతనొక్కడే. వాళ్ల జట్టువాళ్లు అతన్ని ఆ రోజంతా తిట్టారు. నేను స్కోరు పుస్తకంలో అతని పేరు పక్కన చిన్న చుక్క పెట్టుకున్నాను.

ఆ ఏడు సెప్టెంబరులో ఫైనల్ మాకూ ఫ్రిస్కోకీ పడింది. ముందు రోజు ఆ బౌలర్ ఫోన్ చేశాడు.

"అన్నా, నాకు రెడ్‌మండ్‌ల జాబ్ వచ్చింది. వచ్చే వారమే మూవ్ అయితున్న. ఇదే లాస్ట్ మ్యాచ్. మీ బ్యాటింగ్‌ల నువ్వే నిలబడు. ఫైనల్‌కి బయటి అంపైర్‌ని తెస్తమన్నరు, వద్దు నువ్వే గావాలని మా కెప్టెన్‌ని ఒప్పించిన."

"మా టీమ్ బ్యాటింగ్ చేస్తుంటే నేను నిలబడితే మీవాళ్లు ఊరుకుంటారా?"

"నువ్వు అయితే ఊకుంటరు. ఔటయితే ఔటిస్తవ్, కాకపోతే లేదు. నాకు గంతే గావాలె."

ఒప్పుకున్నాను. ఫోన్ పెట్టేశాక గుర్తొచ్చింది, మర్నాడే అక్కడ సీజన్ ఆఖరి రోజు. మా కౌంటీ ఆ రోజు ఓడిపోతే రెండో డివిజన్‌కి దిగజారుతుంది, సాయంత్రం దాకా ఆలౌట్ కాకుండా నిలబడితే బతుకుతుంది. మా మ్యాచ్ ఎండకి భయపడి ఏడున్నరకే మొదలై పదకొండుకల్లా ముగుస్తుంది, అప్పుడు అక్కడ సాయంత్రం ఐదు. రెండూ ఒకే గంటలో తేలతాయి.

ఏం చేశానో చెప్పడానికి ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఇయర్‌ఫోన్ వైరు చొక్కా లోపలినుంచి కాలర్ దాకా తీసి, ఎడమ చెవిలో పెట్టుకుని, పైన వెడల్పాటి టోపీ పెట్టాను. ఫోన్ ప్యాంటు జేబులో. రేడియో చిన్నగా పెట్టుకుంటే కుడి చెవి ఆటకి చాలదా అనుకున్నాను. అద్దంలో చూసుకుంటే వైరు కనపడలేదు. మా ఆవిడ కాఫీ తాగుతూ "చెవిలో అదేంటి?" అంది. "దూది" అన్నాను.

ఫ్రిస్కో వాళ్లు మొదట బ్యాటింగ్ చేశారు. తర్వాత మావాళ్లు. నా బౌలర్ నా ఎడమ పక్కనుంచి పరుగెత్తుకొచ్చి వేస్తున్నాడు. ప్రతి ఓవర్ మొదట్లో తన టోపీ తీసి నా చేతికిచ్చి, ఓవర్ అయ్యాక తీసుకునేవాడు. అద్భుతంగా వేశాడు. నాలుగు వికెట్లు తీశాడు. ఆఖరి ఓవర్‌కి మావాళ్ల చేతిలో ఒక్క వికెట్ మిగిలింది, గెలవడానికి నాలుగు పరుగులు కావాలి. బంతి నా బౌలర్ చేతిలో, క్రీజులో మా కెప్టెన్. అవతలి ఎండ్‌లో బ్యాట్ ఎటు పట్టుకోవాలో తెలియని, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసే పిల్లవాడు.

అదే సమయానికి ఇంగ్లాండులో మా కౌంటీకి కూడా ఆఖరి జంటే మిగిలింది. ఇంకో మూడు ఓవర్లు గడిస్తే బతుకుతారు. వ్యాఖ్యాత గొంతు గుసగుసలోకి దిగింది. స్టాండ్‌లో ఆ ముసలివాళ్లు దుప్పట్లు పక్కనపెట్టి లేచి నిలబడ్డారని చెబుతున్నాడు. ఆ పెద్దాయన ఇంకా ఉన్నాడో లేదో నాకు తెలియదు. అక్కడి బౌలర్ పరుగు మొదలుపెట్టాడు. ఇక్కడి బౌలర్ కూడా మొదలుపెట్టాడు.

టిక్ మని వినిపించింది.

చాలా స్పష్టంగా, చిన్నగా, బంతి బ్యాట్ అంచుకి రాసుకున్న చప్పుడు. ఇక్కడ కీపర్ బంతి పట్టి గాల్లోకి ఎగిరాడు. ఫ్రిస్కో వాళ్లు పదకొండు మందీ నా వైపు తిరిగి చేతులు చాచారు. చెవిలో వ్యాఖ్యాత కూడా అరుస్తున్నాడు, అంచుకి తగిలింది, స్లిప్ ముందు పడింది అని. నేను విన్నది ఒక్క టిక్. అది ఇర్వింగ్‌దో ఇంగ్లాండుదో నాకు తెలియలేదు.

కెప్టెన్ ముఖం చూశాను. వంగి ప్యాడ్ పట్టీ సర్దుకుంటున్నాడు. వదులు కాని పట్టీని. అది చాలు నిజం తెలియడానికి. కాని అంపైర్ ముఖాలు చూసి ఔటివ్వకూడదు. సందేహం ఉంటే బ్యాట్స్‌మన్‌దే లాభం. నాకు నిజంగానే సందేహం ఉంది. ఆ సందేహాన్ని నేనే చెవిలో దోపుకుని వచ్చాను.

"నాటౌట్" అన్నాను.

అరుపులు ఆగిపోయాయి. బౌలర్ నావైపు తిరిగి ఒక్క క్షణం చూశాడు. వెనక్కి నడిచాడు. తర్వాతి బంతి కాస్త పొట్టిగా పడింది, కెప్టెన్ కళ్లు మూసుకుని బ్యాట్ ఊపాడు, కీపర్ తల మీదుగా ఫోర్. మావాళ్లు గెలిచారు.

ఆ తర్వాత జరిగింది ఏ శిక్షకీ తీసిపోదు. మావాళ్లంతా ముందు నా మీద పడ్డారు. కెప్టెన్ నన్ను రెండు చేతులతో ఎత్తినంత పనిచేశాడు. "గురువుగారూ! అనుకోలేదండీ! ఇవాళ మీరు నిజంగా మన మనిషనిపించుకున్నారు" అన్నాడు. అతని కళ్లలో వెటకారం లేదు, నిజమైన ప్రేమ ఉంది. ఎవరో నా చేతిలో బిర్యానీ ప్లేటు పెట్టారు. ఇంకెవరో "ఎడ్జ్ ఫ్రిస్కో దాకా వినపడింది, మన అంకుల్‌కి తప్ప" అన్నారు. అందరూ పగలబడి నవ్వారు. తొమ్మిదేళ్లు నేను అసహ్యించుకున్న దొంగలందరూ నన్ను తమలో కలిపేసుకున్నారు. నిజం చెబుదామంటే నోరు రాలేదు. మోసం చేశానని వాళ్లు అనుకుంటున్నారు. నిజం అంతకంటే సిగ్గుచేటు. పక్షపాతంతో తప్పు చేసినవాడు కనీసం ఆ మైదానంలో ఉంటాడు. నేను అక్కడ లేనే లేను.

ఫ్రిస్కో కెప్టెన్ నా ముందుకొచ్చి "మీ మీద రెస్పెక్ట్ ఉండేది సార్" అని, చెయ్యి కూడా కలపకుండా వెళ్లిపోయాడు. గురివింద గింజ తన కింద నలుపు ఎరగదంటారు. నా నలుపు ఆ రోజు మైదానం మొత్తానికి కనపడింది, అందులో ఏది నలుపో మాత్రం ఎవరికీ సరిగ్గా తెలియదనుకున్నాను.

బిర్యానీ ముట్టకుండా కుర్చీ మడిచి పార్కింగ్‌కి వెళ్లాను. నా కారు పక్కనే ఆ బౌలర్ తన కిట్ బ్యాగ్ ట్రంక్‌లో పెడుతున్నాడు. తప్పించుకునే దారి లేదు. అతని టోపీ ఇంకా నా చేతిలోనే ఉంది, ఆ గొడవలో తీసుకోవడం మర్చిపోయాడు. ఇచ్చాను. తీసుకుని దుమ్ము దులుపుకున్నాడు.

"అన్నా, మీ ఇంగ్లాండోళ్లు గెలిచిన్రా?" అన్నాడు.

నా చెయ్యి ఎడమ చెవికి పోయి ఇయర్‌ఫోన్ లాగేసింది. ప్రతి ఓవర్‌కీ టోపీ ఇస్తూ తీసుకుంటూ నా ఎడమ పక్కనే నిలబడ్డాడు. నా కౌంటీ పిచ్చి లీగంతా ఎరిగినదే, వైరు మొదటి ఓవర్ నుంచే చూస్తున్నాడు. చూసి కూడా నన్ను నమ్మి బంతి వేశాడు.

"డ్రా" అన్నాను. "కింది డివిజన్‌కి పోలేదు."

"మంచిగైంది" అన్నాడు. ఎగతాళి కాదు, మామూలుగానే అన్నాడు. ట్రంక్ మూసి, నా వైపు చూడకుండా, "మావోళ్లకు నేనేం చెప్పలే. హైవే మీద ట్రక్కుల సప్పుడుకు అన్నకు వినబడలే అని చెప్పిన. నువ్వు గూడ గట్లనే చెప్పు" అన్నాడు.

మంచి ఆటని పాడు చేశావని ఒక్క మాట అని ఉంటే బాగుండేది. క్షమించమని అడగడానికి నోరు తెరిచాను. అప్పటికే కారు వెనక్కి తీస్తున్నాడు. చెయ్యి ఊపాడు. నేనూ ఊపాను. చేతిలో ఇయర్‌ఫోన్ వేలాడుతూ ఉంది.

ఆ లీగ్ మొత్తంలో నేను గౌరవించిన ఒకే ఒక్క మనిషి, తన జీవితంలో మొదటిసారి కావచ్చు, నా కోసం అబద్ధమాడి రెడ్‌మండ్ వెళ్లిపోయాడు. మరుసటి ఏడు నుంచి నన్ను మళ్లీ నిలబడమని మావాళ్లు మాత్రమే అడిగారు. నడుము నొప్పి అని తప్పించుకున్నాను. ఆ ఫైనల్ గురించి ఇప్పటికీ ఎవరో ఒకరు అడుగుతుంటారు. ట్రక్కుల చప్పుడుకి వినపడలేదని చెబుతాను.